నుదుటి దగ్గర జుట్టు వెనక్కి తగ్గినవారికి సహజంగా కనిపించే హెయిర్ ప్యాచ్: విశాఖవాసులు తరచుగా అడిగే ప్రశ్నలు

నుదుటి పైభాగంలోనూ, కణతల దగ్గర మూలల్లోనూ జుట్టు తగ్గి, హెయిర్ ప్యాచ్ (జుట్టు లేని చోట అమర్చుకొనే, వెంట్రుకలు కట్టిన పలుచని పొర) పెట్టించుకోవాలని ఆలోచిస్తున్నవారి కోసం ఈ సమాధానాలు రాశాము. ఉక్కపోత, ఉప్పుగాలి, హెల్మెట్ ఈ ఊరి దినచర్యలో భాగం కాబట్టి సలహాలన్నీ వాటిని దృష్టిలో పెట్టుకొని ఇచ్చినవే.

ప్రశ్న: హెయిర్‌లైన్ వెనక్కి వెళ్తోంది. నేరుగా ప్యాచ్ తీసుకోవచ్చా, ముందు వైద్యుడిని చూడాలా?

ముందు చర్మవైద్యుడిని చూడడమే సరైన క్రమం. మగవారిలో సాధారణంగా కనిపించే బట్టతలకు వంశపారంపర్య స్వభావమూ, డైహైడ్రోటెస్టోస్టిరాన్ అనే హార్మోనుకు వెంట్రుకల కుదుళ్లు స్పందించే తీరూ కారణం. కుదుళ్లు ఏటికేడు చిన్నవవుతూ, వాటి నుంచి వచ్చే వెంట్రుకలు సన్నబడి, చివరికి నూగుగా మిగులుతాయి. దీని దశలను 1951లో హామిల్టన్ వర్గీకరించగా, 1975లో నార్‌వుడ్ ఆ వర్గీకరణను సవరించారు. ఇప్పటికీ వైద్యులు ఆ ఏడు దశల కొలమానాన్నే వాడుతున్నారు. మీరు రెండో దశలోనో మూడో దశలోనో ఉంటే మినాక్సిడిల్, ఫినాస్టరైడ్ వంటి మందులతో ఉన్న జుట్టును నిలుపుకొనే అవకాశం ఉండవచ్చు. అయితే వాటిని వైద్యుడి పర్యవేక్షణలోనే వాడాలి.

జుట్టు ఉన్నట్టుండి గుండ్రని మచ్చలుగా ఊడిపోయినా, మాడు ఎర్రబడి పొట్టు రాలుతున్నా, దురద తగ్గకపోయినా అది మామూలు బట్టతల కాకపోవచ్చు. కొన్ని వ్యాధుల్లో కుదురు మచ్చపడి శాశ్వతంగా మూసుకుపోతుంది కనుక, అలాంటి చోటును ప్యాచ్‌తో కప్పితే చికిత్సకు అనువైన కాలం చేజారిపోతుంది. కింగ్ జార్జ్ ఆసుపత్రి చర్మవ్యాధుల విభాగంలో గానీ, మీకు అందుబాటులో ఉన్న మరో చర్మవైద్యుడి దగ్గర గానీ చూపించుకున్న తరువాతే కొలతలు ఇవ్వండి.

ప్రశ్న: ముందుభాగానికి మాత్రమే చిన్న ప్యాచ్ సరిపోతుందా, నడినెత్తి దాకా కప్పేది కావాలా?

చిన్నది తేలిక, పెద్దది కష్టం అని చాలామంది అనుకుంటారు. అనుభవంలో దీనికి విరుద్ధంగానే జరుగుతుంది. నుదుటి అంచు నుంచి ఒకటి రెండు అంగుళాల లోతు మాత్రమే ఉండే ఫ్రంటల్ ప్యాచ్ వెనుక మీ సొంత జుట్టు మొదలవుతుంది. ఆ కలిసే చోట ఒత్తు, రంగు, మెలిక, వెంట్రుకలు వాలే దిశ అన్నీ సరిపోవాలి. వెనుకనున్న సొంత జుట్టు ఒత్తుగా, స్థిరంగా ఉన్నవారికి ఫ్రంటల్ ప్యాచ్ చక్కగా అమరుతుంది. నడినెత్తి కూడా పలచబడుతున్నవారు మాత్రం ప్రతి ఆరు నెలలకూ ఆ కలిసే గీతను చూసుకొని బాధపడవలసి వస్తుంది. అటువంటివారు 8×6 లేదా 9×7 అంగుళాల కొలతలో పైభాగమంతా కప్పే ప్యాచ్‌ను ఎంచుకోవడం మేలు. అప్పుడు కలిసే గీత చెవుల పైన, తల వెనుక, అంటే జుట్టు ఒత్తుగా ఉన్న చోటికి చేరుతుంది.

ప్రశ్న: కొందరు పెట్టుకున్నది చూడగానే విగ్గు అని తెలిసిపోతుంది. ఎందుకు?

మొదటి కారణం నుదుటి అంచును మరీ కిందికి దించడం. ప్యాచ్ కొనే రోజున ప్రతి ఒక్కరూ ఇరవై ఏళ్ల నాటి ముఖాన్నే కోరుకుంటారు, అమ్మేవారు కాదనరు. నలభై అయిదేళ్ల ముఖం మీద ఇంటర్మీడియట్ నాటి నుదురు కనిపిస్తే, ఎదుటివారికి కారణం వెంటనే తెలియకపోయినా ఏదో తేడాగా ఉందని మాత్రం తోస్తుంది. కనుబొమలు పైకెత్తినప్పుడు నుదుటి మీద పడే ముడతల్లో అన్నిటికంటే పై ముడతను గుర్తించి, దానికి కనీసం ఒక వేలు వెడల్పు పైన అంచు మొదలయ్యేలా చూసుకోండి. ఏదైనా అనుమానం ఉంటే ఇంకొంచెం పైకే జరపండి.

రెండో కారణం మూలలు. వయసొచ్చిన మగవారిలో జుట్టు నిండుగా ఉన్నా కణతల దగ్గర కొద్దిపాటి లోతు ఉంటుంది. ఆ లోతును పూర్తిగా పూడ్చి, ఈ కణత నుంచి ఆ కణత దాకా స్కేలు పెట్టి గీసినట్టు అంచు తీస్తే మిగిలిన పనితనమంతా వృథా. అంచు కొద్దిగా ఎగుడుదిగుడుగా ఉండాలి, మొదటి వరుసలో ఒంటి వెంట్రుకలు విడివిడిగా, సన్నగా కనిపించాలి, వాటి వెనుక క్రమంగా ఒత్తు పెరగాలి.

మూడోది కత్తిరింపు. ప్యాచ్ పెట్టెలోంచి వచ్చినప్పుడు జుట్టు పొడుగ్గా, ఒకే తీరులో ఉంటుంది. దాన్ని తలకు అమర్చిన తరువాతే, పక్కనున్న సొంత జుట్టుతో కలిపి కత్తిరించాలి. విడిగా కత్తిరించి తెచ్చి అతికించినదానికి చుట్టూ మెట్టు పడినట్టు కనిపిస్తుంది. నిజానికి మధ్యరకం ప్యాచ్‌ను మంచి కత్తిరింపు కాపాడుతుంది గానీ, ఎంత ఖరీదైన ప్యాచ్ అయినా చెడ్డ కత్తిరింపును కప్పలేదు.

ప్రశ్న: లేస్, స్కిన్, మోనో అంటారు. విశాఖ వాతావరణానికి ఏది నప్పుతుంది?

వెంట్రుకలను గుచ్చి కట్టే ఆధారాన్నే బేస్ అంటారు. ప్యాచ్ ఎలా కనిపిస్తుందో, ఎంతకాలం నిలుస్తుందో, లోపల చెమట ఏమవుతుందో నిర్ణయించేది ఇదే.

లేస్ అంటే సన్నని వలగుడ్డ. స్విస్ లేస్ మరీ పలుచన, ఫ్రెంచ్ లేస్ దానికంటే కాస్త గట్టిది. గాలి ఆడుతుంది, చెమట ఆరుతుంది, నుదుటి అంచు దాదాపు కనిపించదు. అయితే త్వరగా చిరుగుతుంది, వెంట్రుకను వలకు కట్టిన ముడులు దగ్గరనుంచి చూస్తే నల్లని చుక్కలుగా తెలుస్తాయి. ఆ ముడులను బ్లీచ్ చేయించవచ్చు గానీ, దానివల్ల వెంట్రుక మొదలు బలహీనపడుతుంది. మనలో చాలామందిది చామనఛాయ కాబట్టి అసలు సమస్య ముడుల కంటే లేస్ రంగు దగ్గరే వస్తుంది. తెల్లని వల నుదుటి మీద లేత గీతలా మెరుస్తుంది. మీ చర్మపు రంగుకు దగ్గరైన వలనే అడిగి తీసుకోండి.

స్కిన్ అనేది పాలియూరితేన్ పొర. 0.03 మిల్లీమీటర్ల మందం మొదలుకొని 0.08, అంతకంటే మందం దాకా దొరుకుతుంది. అతి పలుచని పొర నుదుటితో కలిసిపోతుంది, వెంట్రుక చర్మంలోంచే మొలిచినట్టు కనిపిస్తుంది, అతికించడమూ శుభ్రం చేయడమూ సులభం. కానీ దాని కింద గాలి ఆడదు. ఏప్రిల్ నుంచి జూన్ దాకా, గాలిలో తేమ తరచుగా 70 శాతం దాటే ఈ ఊళ్లో, స్కిన్ కింద చేరిన చెమటకు జిగురు తెల్లబడి, అంచు లేచిపోతుంది.

మోనో అంటే మోనోఫిలమెంట్, ఒంటిపోగు దారంతో నేసిన వల. ఇది గట్టిగా, ఎక్కువకాలం నిలిచేలా ఉంటుంది. నుదుటి అంచున మాత్రం దారపు గీత కనిపిస్తుంది కనుక, హెయిర్‌లైన్ తగ్గినవారు జుట్టును వెనక్కి దువ్వుకొనే అలవాటు ఉంటే ముందువైపు మోనో వద్దు.

మా ఉద్దేశంలో ఇక్కడివారికి అనువైనది కలగలుపు బేస్: ముందు అంగుళం మేర లేస్, పైభాగం లేస్ లేదా మోనో, టేపు అంటించుకోవడానికి పక్కలా వెనుకా సన్నని పాలీ (పాలియూరితేన్) పట్టీ. రోజంతా ఏసీ గదిలో పనిచేసేవారికి పలుచని స్కిన్ కూడా సరిపోతుంది. ఉక్కు కర్మాగారంలోనో, షిప్‌యార్డులోనో, ఎండలో తిరిగే ఉద్యోగంలోనో ఉన్నవారు దాని జోలికి పోకపోవడమే మంచిది.

ప్రశ్న: జుట్టు ఎంత ఒత్తుగా ఉండాలి?

మీరు అనుకున్నదానికంటే తక్కువ. దుకాణాల్లో సాధారణంగా కనిపించేవి 120 శాతం, ఆపైన ఒత్తు ఉన్నవి, ఎందుకంటే బల్ల మీద పెట్టి చూపినప్పుడు అవే నిండుగా ఉంటాయి. తల మీద పెట్టగానే అవే టోపీలా కనిపిస్తాయి. ముప్ఫైల్లో ఉన్నవారికి 90 నుంచి 100 శాతం, నలభై అయిదు దాటినవారికి 80 నుంచి 90 శాతం చాలు. ముందు అరంగుళంలో అంతకంటే పలుచగా ఉండాలి. పాపిడి తీసినప్పుడు మాడు లీలగా కనిపించడం లోపం కాదు, అసలు జుట్టులోనూ అది కనిపిస్తుంది. ఒత్తుగా వచ్చిన ప్యాచ్‌ను పలుచన చేసే కత్తెరతో తగ్గించవచ్చు గానీ, బేస్ దగ్గరిదాకా కత్తిరిస్తే పొట్టి మొదళ్లు నిక్కబొడుచుకొని నిలుస్తాయి. కాబట్టి ఆర్డరు ఇచ్చేటప్పుడే తక్కువ అడగాలి.

ప్రశ్న: రంగు ఎలా కలపాలి? నాకు చెవుల పక్కన తెల్లవెంట్రుకలు ఉన్నాయి.

రంగును నడినెత్తితో కాక, చెవుల పక్కనా తల వెనుకా ఉన్న జుట్టుతో కలిపి చూడాలి, ఎందుకంటే ప్యాచ్ పక్కన నిలిచేది అదే. మన జుట్టు నల్లన కదా అని 1 నంబరు నలుపు తీసుకుంటే అది కాటుక నలుపుగా, రంగు వేసినట్టు ఉంటుంది. చాలామంది తెలుగువారికి 1బీ సరిపోతుంది, ఎండలో కాస్త గోధుమఛాయ కనిపించేవారికి 2 దగ్గరగా ఉంటుంది. ట్యూబ్‌లైటు వెలుతురులో నిర్ణయించకండి, షేడు కార్డును ఆరుబయట పగటి వెలుగులో పట్టి చూడండి.

తెల్లవెంట్రుకలు ఉంటే ప్యాచ్‌లో కూడా 10 శాతం, 20 శాతం అని చెప్పి కలిపించుకోవచ్చు. అలా కలిపే తెల్లవెంట్రుకలు తరచుగా సింథటిక్‌వి ఉంటాయి, కనుక వేడి యంత్రాలను వాటి మీద వాడకూడదు. పక్కలకు రంగు వేసి మొత్తం నల్లగా మార్చుకొనేవారు, ఆ పని నెల నెలా చేయవలసి ఉంటుందని గుర్తుంచుకోవాలి. యాభై దాటినవారికి కొద్దిపాటి నెరుపు ఉన్న ప్యాచే ఎక్కువ నమ్మకంగా కనిపిస్తుందని మా అభిప్రాయం.

ప్రశ్న: అసలు జుట్టా, సింథటిక్కా? రెమీ అంటే ఏమిటి?

రోజూ పెట్టుకొనేదానికి అసలు జుట్టే తీసుకోండి. సింథటిక్ మొదట్లో మెరిసినా, రాపిడికి చివర్లు చిట్లి ఉండకడుతుంది, వేడి తట్టుకోదు. వెంట్రుక పైపొరలోని పొలుసులన్నీ మొదలు నుంచి చివరి వైపు ఒకే దిశలో ఉండేలా సేకరించిన జుట్టును రెమీ అంటారు. దిశలు కలగలిసిన జుట్టు తడి తగలగానే చిక్కుపడుతుంది. ఆ చిక్కును దాచడానికి కొందరు పైపొరను ఆమ్లంతో తొలగించి సిలికాన్ పూత పూస్తారు, ఆ పూత నాలుగు తలస్నానాలకు పోతుంది. తిరుమల కల్యాణకట్టలో భక్తులు సమర్పించే తలనీలాలను పొడవును బట్టి వేరుచేసి దేవస్థానం వేలం వేస్తుందని తెలిసిందే. భారతీయ జుట్టుకు ప్రపంచమంతటా గిరాకీ ఉంది. మనకు అందులోని స్వల్పమైన అల సహజంగానే కలిసిపోతుంది.

నమూనా వెంట్రుకను ఒకటి అడిగి తీసుకొని కాల్చి చూస్తే అసలుదో కాదో తేలిపోతుంది. అసలు వెంట్రుక కమురువాసన వేసి బూడిదవుతుంది, సింథటిక్ కరిగి చిన్న గుండులా గట్టిపడుతుంది.

ప్రశ్న: క్లిప్పులా, టేపా, బాండింగా?

నుదుటి అంచున పట్టుకోవడానికి జుట్టే లేదు కాబట్టి, ముందువైపు క్లిప్పు పనిచేయదు. ముందు టేపు గానీ జిగురు గానీ తప్పదు. వెనుకా పక్కలా క్లిప్పులు పెట్టించుకొని రోజూ రాత్రి తీసేసే పద్ధతి కొందరికి సౌకర్యంగా ఉంటుంది. అయితే ఒకే చోట నెలల తరబడి క్లిప్పు లాగితే అక్కడి సొంత జుట్టు కూడా ఊడుతుంది. క్లిప్పుల స్థానాన్ని అప్పుడప్పుడు మార్పించుకోవాలి.

రెండువైపులా అంటుకొనే టేపు కొత్తగా మొదలుపెట్టేవారికి సులభం. అంటించడం, తీయడం ఇంట్లోనే నేర్చుకోవచ్చు. ద్రవ జిగురుతో చేసే బాండింగ్ నుదుటి అంచును చక్కగా కలుపుతుంది. సాధారణంగా రెండు మూడు వారాలకు ఒకసారి తీసి, శుభ్రం చేసి, మళ్లీ అతికిస్తారు. మన వేసవిలో ఆ గడువు పది రోజులకు తగ్గిపోవచ్చు, దాన్ని పనివారి లోపంగా భావించకండి. తేమకు తట్టుకొనే రకం జిగురు అడగండి. అతికించే ముందు మాడును ఆల్కహాల్‌తో తుడిచి జిడ్డు పూర్తిగా తీయించుకోండి. ఆ తరువాత ఒక రోజంతా నీళ్లు, చెమట తగలకుండా ఉంటే పట్టు కుదురుకుంటుంది. అందుకే సెలవు ముందురోజు సాయంత్రం అతికించుకొని, మర్నాడు ఇంటిపట్టునే ఉండడం ఇక్కడ అనుకూలమైన ఏర్పాటు.

విభూతి, కుంకుమ, నామం పెట్టుకొనే అలవాటున్నవారు అంచుకు ఒక వేలు కిందనే పెట్టుకోవాలి. పొడి జిగురుకు అంటితే అంచు గీత గీసినట్టు కనిపిస్తుంది.

ప్రశ్న: జిగురు పడకపోతే?

కొందరికి అక్రిలిక్ జిగురుతో దద్దురు, దురద, పొక్కులు వస్తాయి. మొదటిసారి వాడేముందు చెవి వెనుక గానీ మోచేతి మడతలో గానీ చుక్క పెట్టి 48 గంటలు గమనించండి. మంట మొదలైతే ప్యాచ్‌ను లాగి పీకవద్దు, రిమూవర్‌తో మెల్లగా వదిలించి చర్మవైద్యుడికి చూపించండి. చుండ్రు ఎక్కువగా ఉన్నవారు దాన్ని తగ్గించుకున్న తరువాతే బాండింగ్ చేయించుకోవాలి.

ప్రశ్న: బండి మీద హెల్మెట్, బీచ్‌లో గాలి, సముద్రస్నానం: ఇవన్నీ మానుకోవాలా?

అవసరం లేదు. హెల్మెట్ కింద పలుచని నూలు టోపీ పెట్టుకోండి, తీసేటప్పుడు ముందునుంచి వెనక్కి లాగకుండా నిటారుగా పైకి ఎత్తండి. ప్యాచ్ పాడయ్యేది గాలివల్ల కంటే హెల్మెట్ లోపలి స్పాంజి రాపిడి వల్లే ఎక్కువ. ఆర్కే బీచ్‌లోనో కైలాసగిరి మీదో గాలికి సరిగా అతికిన ప్యాచ్ లేవదు, కానీ వెంట్రుకలన్నీ వెనక్కి లేచినప్పుడు నుదుటి అంచు బయటపడుతుంది. అందువల్ల ముందు లేస్ లేనివారు జుట్టును కొద్దిగా నుదుటి మీదికి వాలేలా కత్తిరించుకోవాలి.

రుషికొండలో నీళ్లలో దిగినా ఫరవాలేదు, బయటికి రాగానే మంచినీళ్లతో కడగండి. ఉప్పు ఆరిపోతే వెంట్రుక బిరుసెక్కుతుంది. ఎండకు నల్లని ప్యాచ్ కొన్ని వారాల్లో ఎర్రబారడం మామూలే, ఎండలో తిరిగేవారు టోపీ వాడాలి.

ప్రశ్న: తలకు నూనె రాసుకోవచ్చా? కుంకుడుకాయలు వాడవచ్చా?

బేస్ దగ్గరకు కొబ్బరినూనె చేరితే జిగురు వదిలిపోతుంది. పండగపూట తలంటు తప్పదనుకుంటే, ప్యాచ్ తీసి మాడుకు నూనె పెట్టుకొని, శుభ్రంగా తలస్నానం చేసి, పూర్తిగా ఆరాక మళ్లీ అతికించుకోండి. ప్యాచ్ వెంట్రుకకు మాడు నుంచి సహజమైన జిడ్డు అందదు కనుక కుంకుడుకాయ దాన్ని మరింత పొడిబారుస్తుంది. సల్ఫేట్ లేని షాంపూ, చివర్లకు మాత్రం కండిషనర్, వెడల్పు పళ్ల దువ్వెన చాలు. వారానికి రెండుసార్లకు మించి షాంపూ అక్కరలేదు. తడిగా ఉన్నప్పుడు తువ్వాలుతో రుద్దకుండా అద్దండి.

ప్రశ్న: ఎంతకాలం వస్తుంది? ఖర్చు ఎలా అంచనా వేయాలి?

పలుచని స్కిన్ ఒకటి రెండు నెలలు, లేస్ మూడు నుంచి ఆరు నెలలు, మోనో ఆరు నెలల నుంచి ఏడాది. ఇవి జాగ్రత్తగా వాడినప్పటి లెక్కలు. ప్యాచ్ ధరను అది నిలిచే నెలలతో భాగించి, నెల నెలా అయ్యే సర్వీసు, టేపు, జిగురు, షాంపూ ఖర్చు కలిపితే అసలు భారం తెలుస్తుంది. ఒకటి తలమీద ఉండగా మరొకటి ఇంట్లో సిద్ధంగా ఉండాలి కాబట్టి మొదట్లోనే రెండింటి ధర వేసుకోండి.

ప్రశ్న: సింహాచలంలో తలనీలాల మొక్కు ఉంది. ప్యాచ్ ఉంటే ఏం చేయాలి?

ముందురోజే ప్యాచ్ తీయించి, మాడు మీద జిగురు లేకుండా శుభ్రం చేయించుకోండి, లేకపోతే క్షురకత్తి జారక చర్మం తెగుతుంది. గుండు తరువాత పక్కల జుట్టు నెలకు సుమారు ఒక సెంటీమీటరు పెరుగుతుంది, పాత ప్యాచ్ పొడవుతో కలవడానికి కొన్ని నెలలు పడుతుంది. జుట్టును పొట్టిగా కత్తిరించిన రెండో ప్యాచ్ ఉంటే ఈలోగా పనికొస్తుంది. క్షౌరంలో గాట్లు పడిన మాడు మీద మాత్రం, గాయాలు మానేవరకు జిగురు తగలనివ్వకండి.

ప్రశ్న: పెళ్లిచూపులకు వెళ్తున్నాను. చెప్పాలా?

చెప్పాలి. తాంబూలాలు పుచ్చుకోకముందే, అమ్మాయికి మీరే స్వయంగా చెప్పడం ఉత్తమం. మధ్యవర్తి ద్వారా తెలిస్తే విషయం చిన్నదైనా దాచినట్టవుతుంది.

ప్రశ్న: ఆడవారికి కూడా ఇవే సూచనలా?

చాలావరకు ఇవే. అయితే ఏళ్ల తరబడి బిగించి జడ వేసుకోవడంవల్ల నుదుటి అంచున జుట్టు ఊడినవారు ముందు ఆ బిగింపు మానాలి. మెనోపాజ్ తరువాత హెయిర్‌లైన్‌తో పాటు కనుబొమలు కూడా పలచబడుతుంటే ఆలస్యం చేయకుండా వైద్యుడిని చూడాలి.

ప్రశ్న: డబ్బు కట్టేముందు దుకాణంలో ఏమేమి చూడాలి?

ఇప్పటికే ప్యాచ్ వాడుతున్న ఒకరిని నేరుగా చూపించమనండి. ఫోటోలు చాలవు. మీకు అమర్చినదాన్ని ఆరుబయటికి వచ్చి, చేయి చాపినంత దూరం నుంచి ఇంట్లోవారి చేత చూపించుకోండి. వెంట్రుకలను వెనక్కి దువ్వి అంచు చూడమనండి. బేస్ రకం, ఒత్తు శాతం, రంగు నంబరు బిల్లు మీద రాయించుకోండి. మళ్లీ కొనేటప్పుడు అవి కావాలి, మరో చోట కొన్నా పనికొస్తాయి. ఇక “జీవితకాలం గ్యారంటీ” అనే మాట వినిపిస్తే ఆ దుకాణం నుంచి లేచి రావచ్చు.

ప్రశ్న: కొన్నాళ్లకు వద్దనుకుంటే మానేయవచ్చా?

మానేయవచ్చు. అతికించడానికి గొరిగిన చోట కుదుళ్లు అలాగే ఉంటాయి కనుక, అక్కడ మునుపు ఎంత జుట్టు ఉండేదో అంత తిరిగి పెరుగుతుంది, సహజంగా తగ్గవలసింది మాత్రం ఈలోగా తగ్గే ఉంటుంది. పక్కల జుట్టును మూడు నాలుగు మిల్లీమీటర్లకు కత్తిరించుకుంటే తేడా అంతగా కొట్టొచ్చినట్టు ఉండదు. మాడు మీద మిగిలిన జిగురును రిమూవర్‌తో రెండు మూడు విడతల్లో తీయించుకొని, ఆ వారం ఎండ నేరుగా తగలకుండా టోపీ పెట్టుకోండి, ఇన్నాళ్లూ కప్పి ఉన్న చర్మం త్వరగా కమిలిపోతుంది.